పట్టీ బిగిస్తే వీపుకి కండ రాదు

ప్రశ్న: మాస్టారూ, మాది గుంటూరు, అమరావతి రోడ్డు వైపు. మా అమ్మాయి స్వారీ నేర్చుకుంటానంటే ఎనిమిది నెలల క్రితం రాజస్థాన్ నుంచి గుర్రాలు తెచ్చే వ్యాపారి దగ్గర ఆరేళ్ళ మార్వాడీ ఆడగుర్రాన్ని కొన్నాం. నెమ్మదైన గుర్రమే. కానీ వీపు మధ్యలో ఎముక వరస కనిపిస్తోంది, జీను పెట్టే చోటుకి వెనకాల రెండు వైపులా గుంటలు పడ్డాయి, పొట్ట మాత్రం వేలాడుతోంది. వరిగడ్డి, తవుడు, ఉలవలు పెడుతున్నాం. తెలిసినవాళ్ళు లాంజింగ్‌లో (పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని మన చుట్టూ తిప్పడం) సైడ్ రెయిన్స్ (ఒంటి పట్టీ నుంచి కళ్ళేనికి రెండు పక్కలా తగిలించే పట్టీలు) వేసి రోజూ అరగంట తిప్పమన్నారు. నెలరోజులుగా తిప్పుతున్నా మార్పు లేదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెస్సోవా అనే తాళ్ళ సాధనం తెప్పించాం. అది వేస్తే నోరు తెరుస్తోంది, తోక విసురుతోంది, కుడివైపు తిప్పితే ఆగిపోతోంది. డప్పు శబ్దం వినపడితే తల ఎత్తి గంతులేస్తుంది కూడా. గుర్రంతో పాటు ఇచ్చిన కళ్ళెమే వాడుతున్నాం, దాని లోపలివైపు ముళ్ళలాంటివి ఉన్నాయి. అసలు ఏ పట్టీ మంచిది? ఎంత బిగించాలి? ఎన్నాళ్ళలో వీపు నిండుతుంది? చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ వస్తాను. దానికి ముందు ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. ఆ ముళ్ళ కళ్ళెం తీసి పక్కన పడేయండి. పెళ్ళి ఊరేగింపుల గుర్రాలకి ఇలాంటివి వేస్తుంటారు, అమ్మేటప్పుడు అదే కళ్ళెంతో అప్పజెప్తారు. బరువు లాగే, మోసే జంతువులను హింసించకుండా 1965లో తెచ్చిన కేంద్ర నిబంధనలు ముళ్ళున్న కళ్ళేలను నిషేధించాయి. చట్టం సంగతి అలా ఉంచండి. పెస్సోవా తాడు ఒక కొస కళ్ళేనికి ఉంటుంది, ఇంకో భాగం వెనక తొడల చుట్టూ తిరుగుతుంది. అంటే వెనక కాలు కదిలిన ప్రతిసారీ ఆ కదలిక నోటికి అందుతుంది. మామూలు కళ్ళెంతోనే అది జాగ్రత్తగా చేయాల్సిన పని. ముళ్ళున్న కళ్ళెంతో అయితే అడుగడుగుకీ నాలుక మీద, చిగుళ్ళ మీద పోటు. నోరు తెరవడం, ఆగిపోవడం మొండితనం కాదు. నొప్పిగా ఉందని చెప్పడానికి గుర్రానికి ఉన్న భాష అదే.

పగటి వెలుతురులో నోరు తెరిచి చూడండి. నాలుక అంచుల మీద, పెదవుల మూలల్లో, దవడ మీద పళ్ళు లేని ఖాళీ భాగంలో పుండ్లు ఉంటే అవి పూర్తిగా మానేదాకా నోట్లో ఏదీ పెట్టొద్దు. మెత్తటి ముఖపట్టీతో చేత్తో నడిపించొచ్చు. లాంజింగ్‌కి కేవ్‌సన్ అని ముక్కు మీద ఉండే పట్టీ దొరుకుతుంది, ఎలాగూ తిప్పడానికి అదే సరైనది. తాడుని కళ్ళేనికి కట్టి తిప్పితే బయటి వైపుకి ఒక లాగు, లోపలి వైపుకి ఒక లాగు పడి తల వంకర తిరుగుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. టాప్‌లైన్ అంటే చెవుల వెనక నుంచి మెడ మీదుగా, మూపు, వీపు, నడుము దాటి తోక మొదలు దాకా ఉండే పైగీత. అక్కడ కండ నిండుగా ఉంటే జీను సరిగ్గా కూర్చుంటుంది, మనిషి బరువు వెన్నెముక మీద కాకుండా కండ మీద పడుతుంది. అందుకే అందరూ దాని గురించి అంత పట్టించుకుంటారు. అయితే వీపుని నిలబెట్టేది వీపు కండ ఒక్కటే కాదు. వెన్నెముక విల్లు అనుకోండి, పొట్ట కండరాలు దాని నారి. నారి బిగిస్తేనే విల్లు పైకి వంగుతుంది. పొట్ట వదులైతే వీపు కిందికి జారుతుంది. మీ గుర్రానికి వీపు గుంటపడి పొట్ట వేలాడుతోందన్నారు చూడండి, అవి రెండు సమస్యలు కావు, ఒకటే.

గుర్రానికి మనలా కాలర్ ఎముక ఉండదు. ఛాతీ మొత్తం ముందుకాళ్ళ మధ్య కండరాల మీదే వేలాడుతూ ఉంటుంది. ఆ కండరాలు బలపడితే మూపు పైకి లేస్తుంది. చెవుల వెనక నుంచి మూపు దాకా మెడ పొడవునా బలమైన బంధనం ఒకటి ఉంటుంది. గుర్రం తల కిందికి, ముందుకి చాచినప్పుడు అది మూపు ఎముకలను ముందుకి లాగి వీపుని కొంచెం ఎత్తుతుంది. లాంజింగ్ సాధనాల్లో చాలావరకు ఈ ఒక్క సూత్రం మీద తయారైనవే. తల దించితే వీపు లేస్తుంది అన్నది వాటి లెక్క. అది సగం నిజం. వెనక కాళ్ళు పొట్ట కిందికి బాగా వచ్చి, పొట్ట కండరాలు పని చేస్తున్నప్పుడే ఆ లెక్క కుదురుతుంది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ, పట్టీ వల్ల తల మాత్రం దించి తిరిగే గుర్రం బరువంతా ముందుకాళ్ళ మీద వేసుకుని తిరుగుతుంది. అలా అరగంట తిప్పితే అలసట వస్తుంది, ముందుకాళ్ళ టెండన్లకి (కండని ఎముకకి కలిపే తాళ్ళకి) దెబ్బ తగలొచ్చు, వీపుకి ఒరిగేది ఉండదు. నెల తిప్పినా మార్పు కనిపించకపోవడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం దానికి ముందు నేర్పిన పని అయ్యుంటుంది. డప్పు వినగానే తల ఎత్తి గంతులేస్తుందంటే దానికి నాట్యం నేర్పారన్నమాట. ఆ నాట్యం పొడవునా తల పైకి, వీపు కిందికి, ముందుకాళ్ళు ఎత్తెత్తి వేయడమే. ఏళ్ళ తరబడి అదే చేస్తే మెడ కింది వైపు కండ ఉబ్బుతుంది, పైవైపు మూపు ముందర గుంట పడుతుంది. పక్కన నిలబడి చూడండి, మీ గుర్రం మెడ అడుగున గట్టి కండ కనిపిస్తుందనే అనుకుంటున్నాను. పైగా మార్వాడీ జాతికి పుట్టుకతోనే మెడ నిటారుగా ఉంటుంది. దాని అందం అదే. ఫారిన్ వీడియోల్లో పెద్ద గుర్రాలు ముక్కు నేలకి రాసుకుంటూ తిరుగుతాయి కదా అని, ఇలాంటి మెడని తాళ్ళేసి కిందికి గుంజితే అది మెడ మధ్యలో మడత వేసి తప్పించుకుంటుంది. చూసేవాళ్ళకి తల దించినట్టే ఉంటుంది. నిజానికి వీపు ఇంకా బిగుసుకుంటుంది.

మూడో కారణం మేత. నా దృష్టిలో మీ గుర్రం విషయంలో అన్నిటికన్నా పెద్దది ఇదే.

వరిగడ్డి మనకి చవక, దొరకనిదీ కాదు. కానీ అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళు మించవు, అరగడమూ కష్టం. ఆవు నాలుగు అరల కడుపుతో నెమరేసి నెట్టుకొస్తుంది, గుర్రం నెమరు వేయదు. అరగని గడ్డి పెద్దపేగులో నిండి పొట్ట వేలాడుతుంది, పైన ఎముకలు తేలతాయి. ఒక్కోసారి ఆ గడ్డే అడ్డుపడి కడుపునొప్పి వస్తుంది, గుర్రాలు చనిపోయే ముఖ్య కారణాల్లో అది ఒకటి. తవుడు బలం అని మనవాళ్ళ నమ్మకం. అందులో భాస్వరం కాల్షియం కన్నా పది రెట్లకు పైగా ఉంటుంది. గుర్రానికి కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగా, వీలైతే ఒకటిన్నర రెట్లు ఉండాలి. తవుడు ఎక్కువైతే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. ముందు కుంటి మొదలవుతుంది, అది ఈరోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు. ముదిరితే ముఖం ఎముకలు ఉబ్బుతాయి. తవుడు రోజుకి రెండు మూడు గుప్పెళ్ళకి తగ్గించండి, మానేసినా నష్టం లేదు.

ఉలవలు పెడుతున్నారు, సంతోషం. నూటికి ఇరవైకి పైగా మాంసకృత్తులున్న గింజ అది. కండకి అన్నిటికన్నా అవసరమైన లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పుజాతి గింజల్లో బాగా ఉంటుంది. పచ్చివి పెట్టొద్దు, నానబెట్టి ఉడికించండి. మాంసకృత్తులు అరగకుండా అడ్డుకునే పదార్థం ఉలవల్లో ఉంటుంది, ఉడికిస్తే అది తగ్గుతుంది. కిలో నుంచి కిలోంపావు ఎండు ఉలవలు ఉడికించి రోజుకి మూడు పూటలుగా పెట్టండి. దానికి పావుకిలో సోయా చెక్క, 25 నుంచి 30 గ్రాముల ఉప్పు, గుర్రాల కోసమే తయారుచేసిన ఖనిజ మిశ్రమం కలపండి. వేరుశనగ చెక్క వాడతామంటే బూజు వాసన లేనిదే చూసుకోండి, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. కోళ్ళ మేత మాత్రం ఎవరు చెప్పినా పెట్టొద్దు. కోళ్ళకి, కొన్నిచోట్ల పశువుల దాణాకి కూడా కలిపే మోనెన్సిన్ లాంటి మందులు గుర్రం గుండెని ఆపేస్తాయి, కొంచెం తిన్నా చాలు.

ముఖ్యమైనది పచ్చిమేత. 350 కిలోల గుర్రానికి తేమ తీసేసిన లెక్కన రోజుకి 5 నుంచి 7 కిలోల మేత కావాలి. పచ్చిగడ్డిలో ఎనభై పాళ్ళు నీరే కాబట్టి అది 25 నుంచి 35 కిలోల గడ్డి అవుతుంది. కాలువ గట్ల మీది ప్యారా గడ్డి, దానితో కొంత లూసర్న్, లేకపోతే అలసంద గానీ, వరి కోశాక మన డెల్టాలో చల్లే పిల్లిపెసర గానీ కలపండి. పప్పుజాతి మేత కావడం వల్ల మాంసకృత్తులూ, కాల్షియమూ రెండూ వస్తాయి. పాల పశువుల కోసం వేసే సూపర్ నేపియర్ ఒక్కటే పెట్టొద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. లేత జొన్న అసలే వద్దు. ఏ మార్పయినా పది పన్నెండు రోజుల్లో కొంచెం కొంచెంగా చేయండి, ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి ఖాయం.

మేత మార్చే ముందే డాక్టర్‌కి చూపించాలి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకెళ్ళండి. లేదంటే గుర్రాలు చూసే అలవాటున్న డాక్టర్‌ని ఇంటికే పిలిపించండి. పళ్ళు చూడమనండి. దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గల్ని కోస్తుంటే తిన్నది నలగదు, కళ్ళెం నచ్చదు. పేడ పరీక్ష చేయించి నులిపురుగులను బట్టి మందు వేయించండి. రక్త పరీక్ష తప్పకుండా చేయించండి. సర్రా అనే జబ్బు జోరీగలు కుట్టడం వల్ల వస్తుంది. కాలువలు, చెరువులు, పశువుల పాకలు ఉన్న మన ప్రాంతంలో వానాకాలం పొడవునా జోరీగలే. సర్రా వచ్చిన గుర్రం మేత బాగానే తింటుంది, మధ్యమధ్య జ్వరం వచ్చిపోతుంది, వీపు, పిర్రల మీద కండ కరిగిపోతుంది, కాళ్ళకీ పొట్ట కిందా నీరు దిగుతుంది. రక్తం తగ్గిపోతున్న గుర్రాన్ని కండ కోసం తిప్పితే మిగిలిన కండ కూడా పోతుంది. దీని ఇంజెక్షన్లు మందుల షాపులో అడిగి వేయించేవి కావు, మోతాదు తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది.

కుడివైపు తిరగనంటోందన్న మాట కూడా డాక్టర్‌కి చెప్పండి. గుండ్రంగా తిరిగేటప్పుడు లోపలి కాళ్ళ మీద, బయటి కాళ్ళ మీద భారం ఒకేలా పడదు, తిన్నటి దారిలో కనిపించని కుంటి అక్కడ బయటపడుతుంది. అందుకని రెండు విధాలా చూడాలి, గట్టి నేల మీద తిన్నగా నడిపించి ఒకసారి, రెండు వైపులా తిప్పి ఒకసారి. ముందుకాలి గిట్టలో నొప్పి ఉన్నా, నడుములో నొప్పి ఉన్నా, కుడి దవడలో పన్ను పోటు ఉన్నా ఇలాగే ఆగుతుంది. కారణం తెలియకుండా అటువైపే ఎక్కువ తిప్పి అలవాటు చేయాలని చూడకండి.

ఇవన్నీ సరిచూసుకున్నాక పని మొదలుపెడదాం. పట్టీ, స్వారీ ఇప్పుడే వద్దు, అవి ఎప్పుడన్నది కింద చెప్తాను. మొదటి మూడు నాలుగు వారాలు నడకే. తెల్లవారుజామున చేత్తో నడిపించండి, అరగంట చాలు. ఈడ్చుకుంటూ కాదు, మనిషి వడిగా నడిస్తే సమానంగా వచ్చేంత వేగం. మీకు కరకట్ట దూరం కాదు. బండ్లు తిరగని వేళ చూసుకుని కట్ట ఎక్కే ర్యాంపుల మీద నెమ్మదిగా ఎక్కించి దించండి. ఎక్కేటప్పుడు వెనక కాళ్ళు నెట్టాలి, పిర్రలు గట్టిపడతాయి. దిగేటప్పుడు పొట్ట బిగబట్టాలి, నారి బిగుస్తుంది. తొందరపెడితే రెండూ జరగవు, గుర్రం ఊపు మీద దిగిపోతుంది.

సరుగుడు వాసాలు నాలుగైదు తెచ్చి నేల మీద వరసగా పరవండి, దొర్లకుండా కొంచెం మట్టిలోకి దించండి. నడకలో దాటించడానికి వాటి మధ్య రెండున్నర నుంచి మూడడుగుల దూరం పెట్టండి. తర్వాత ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, దాటించేటప్పుడు నాలుగు నుంచి నాలుగున్నర అడుగులు. మీ గుర్రం అడుగుని బట్టి సర్దుకోండి, కాలు వాసానికి తగులుతుంటే దూరం తప్పని అర్థం. వాసాన్ని చూడటానికి తల దించుతుంది, కాలు ఎత్తడానికి పొట్ట బిగిస్తుంది. ఏ తాడూ లేకుండా మీకు కావాల్సిన ఆకారం అదే తెచ్చుకుంటుంది. నా అనుభవంలో మార్వాడీ గుర్రాలకి పట్టీలన్నిటికన్నా ఈ వాసాలే ఎక్కువ మేలు చేశాయి. మధ్యలో తిన్నగా నాలుగైదు అడుగులు వెనక్కి నడిపించండి, తల ఎత్తకుండా, మెల్లగా.

క్యారెట్ వ్యాయామం మీ అమ్మాయి చేయగలిగే పని. నడక అయ్యాక, ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు, క్యారెట్ చూపించి గుర్రం గడ్డాన్ని ఛాతీకి తెప్పించాలి, తర్వాత ముందుకాళ్ళ మధ్యకి, తర్వాత కుడి డొక్క వైపు, ఎడమ డొక్క వైపు. ప్రతిచోటా కొన్ని క్షణాలు ఆపి అప్పుడు ముక్క ఇవ్వాలి. ఒక్కోటి ఐదుసార్లు. చూడటానికి ఆటలా ఉంటుంది కానీ 2011లో అచ్చయిన ఒక పరిశోధనలో ఎనిమిది గుర్రాలకి వారానికి ఐదు రోజులు, మూడు నెలలు ఇవే చేయించి అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే వెన్నెముకని ఆనుకుని ఉండే లోపలి కండరం పెరిగింది. ఆ మూడు నెలలూ వాటితో స్వారీ లేదు, వేరే శిక్షణా లేదు. వెన్నుపూసలని నిలకడగా పట్టుకునేది ఆ కండరమే, నొప్పి వల్ల ముందు కరిగేదీ అదే. డొక్క వైపు తిప్పేటప్పుడు అమ్మాయిని భుజం పక్కనే నిలబడమనండి, వెనక కాళ్ళ దగ్గర కాదు.

ఒంటికి మేత పట్టి, నడక ఊపందుకున్నాక లాంజింగ్‌కి రండి. వారానికి రెండుసార్లు, మించితే మూడు. మొత్తం పదిహేను ఇరవై నిమిషాలు. రోజూ అరగంట అన్న సలహా మర్చిపోండి. వలయం పెద్దదిగా ఉండాలి, అడ్డంగా 18 నుంచి 20 మీటర్లు. తాడు అంత పొడవు లేకపోతే మీరు కూడా లోపల చిన్న వలయంలో నడవండి. చిన్న వలయంలో గిరగిరా తిప్పితే కీళ్ళు అరుగుతాయి. రెండు మూడు నిమిషాలకోసారి వైపు మార్చండి. నడక, ట్రాట్, మళ్ళీ నడక, ఆగడం, మళ్ళీ ట్రాట్. ఈ మార్పులే కండ పెట్టేవి. ఒకే వేగంతో యాభై చుట్లు తిప్పడం కన్నా ఇరవై మార్పులు మేలు. వెనక గిట్ట ముందు గిట్ట వేసిన గుర్తు మీద గానీ, దాటి గానీ పడుతోందా చూస్తూ ఉండండి.

నేల గురించి కూడా చెప్పాలి. మీ వైపు నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చుకుంటుంది, వానకి గిట్టకి అంటుకుని లాగుతుంది, రెండూ కాళ్ళకి చేటే. అలాగని కృష్ణ ఇసుక లోతుగా పోయించకండి, మడమ మునిగేంత ఇసుకలో తిప్పితే కాలి వెనక టెండన్లు సాగుతాయి. అడుగున గట్టిపరిచి, పైన రెండు మూడంగుళాల ఇసుక చాలు. ఆ ఇసుక మీద మేత వేయకండి, ఇసుక కడుపులోకి పోతుంది.

ఇప్పుడు పట్టీల సంగతి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, పైన చెప్పినవన్నీ సాఫీగా జరుగుతుంటే, వాడొచ్చు. వాడకపోయినా కండ వస్తుంది, ఇది నమ్మండి.

సైడ్ రెయిన్స్ ఒకే పొడవులో తల నిలిపి ఉంచుతాయి. కళ్ళేనికి ఆనడం నేర్పడానికి అవి పనికొస్తాయి, వీపు సాచడానికి కాదు, ఎందుకంటే గుర్రం ముక్కు చాచాలనుకున్నా పట్టీ చాచనివ్వదు. నడకలో గుర్రం తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది కాబట్టి అప్పుడు అవి తగిలించకూడదు, ట్రాట్‌లో మాత్రమే. మీ గుర్రానికి వీటికన్నా జారే సైడ్ రెయిన్స్ నయం. రోలర్ (జీను చోట ఒంటి చుట్టూ బిగించే వెడల్పాటి పట్టీ) పక్కనుంచి కళ్ళెం రింగులోంచి వెళ్ళి మళ్ళీ రోలర్‌కే చేరతాయి, ముక్కోణంలా. గుర్రం తల దించాలనుకుంటే కిందికి జారనిస్తాయి. షాంబోన్ కూడా మంచి సాధనమే. ముందుకాళ్ళ మధ్య నుంచి పైకి వచ్చి, చెవుల వెనక మీదుగా కళ్ళేనికి చేరుతుంది. తల బాగా ఎత్తినప్పుడు చెవుల వెనక ఒత్తుతుంది, దించగానే వదిలేస్తుంది. ముక్కు ఎంత ముందుకి చాచినా అడ్డు ఉండదు. నాట్యం అలవాటున్న గుర్రానికి నేనైతే దీన్నే ఎంచుకుంటాను, చాలా వదులుగా మొదలుపెట్టి. దాంతో స్వారీ మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

మీరు కొన్న పెస్సోవా పారేయాల్సిన వస్తువు కాదు. బ్రెజిల్‌కి చెందిన పేరున్న షో జంపింగ్ రౌతు నెల్సన్ పెస్సోవా పేరుతో వచ్చిన పద్ధతి అది. వెనక తాడు పిర్రలకి తగిలి కాళ్ళు లోపలికి వేయాలని గుర్తుచేస్తుంది. కానీ దానికి ఇప్పటికే వీపులో కొంత బలం ఉన్న గుర్రం కావాలి, ఎప్పుడు వదలాలో తెలిసిన చెయ్యి కావాలి. మూడు నాలుగు నెలలు పెట్టెలో ఉంచండి. తర్వాత వాడినా, ముందు వెనక తాడు ఒక్కటే, కళ్ళేనికి తగిలించకుండా, ఇంకొకరు తల దగ్గర పట్టుకుని ఉండగా అలవాటు చేయండి. తొడలకి తాడు తగలగానే తన్నే గుర్రాలుంటాయి. కాలు అందులో చిక్కితే పెద్ద ప్రమాదం.

ఎంత బిగించాలన్నారు కదా. ఏ సాధనమైనా గుర్రం మామూలుగా నిలబడినప్పుడు తాడు వేలాడుతూ ఉండాలి. ముక్కు గీత నేలకి నిలువుగా ఉన్న గీత కన్నా ఎప్పుడూ కొంచెం ముందుకే ఉండాలి, గడ్డం ఛాతీ వైపు ముడుచుకోకూడదు. పదినిమిషాలు ఏమీ లేకుండా తిప్పి ఒళ్ళు వేడెక్కాక తగిలించండి, మొదట్లో ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు, తీసేసి మళ్ళీ వదులుగా నడక. కండ కొత్తగా పని చేస్తున్నప్పుడు త్వరగా అలుస్తుంది. అలిసిన కండ పని మానేస్తే గుర్రం పట్టీ మీద వాలుతుంది, అక్కడినుంచి చేసేదంతా నష్టమే. తోక విసరడం, పళ్ళు నూరడం, చెవులు వెనక్కి అంటించడం, వెనక గిట్ట కొస నేలకి రాసుకోవడం, వీటిలో ఏది కనిపించినా తాడు వదులు చేయండి, అయినా తగ్గకపోతే తీసేయండి.

ఎండ సంగతి మీకు చెప్పేదేముంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మనవి. మార్చి నుంచి జూన్ దాకా పని ఉదయం ఆరున్నరకల్లా ముగించండి. వానాకాలంలో ఉక్క ఇంకా మోసం చేస్తుంది, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. పని ఆపిన పది పదిహేను నిమిషాలకి గుండె నిమిషానికి 60 లోపుకి రావాలి. మామూలుగా అది 28 నుంచి 44 మధ్య ఉంటుంది. పని చేసినా చెమట పట్టకుండా డొక్కలు ఎగరేస్తూ రొప్పుతుంటే వెంటనే నీడలోకి తెచ్చి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూనే ఉండండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. తేమ వేడి ఉన్నచోట్ల కొన్ని గుర్రాలకి చెమట పట్టడమే ఆగిపోతుంది. పొడి ఎడారి నుంచి వచ్చిన గుర్రం కాబట్టి మీరు దీన్ని గమనిస్తూ ఉండాలి. మీ షెడ్డు రేకులదైతే పైన తాటాకు గానీ వరిగడ్డి గానీ కప్పించండి.

ఎన్నాళ్ళలో అంటే, జబ్బేమీ లేకుండా మేత సరిపడితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చేతికి తేడా తెలుస్తుంది, కంటికి తెలియడానికి మూడు నెలలు పడుతుంది, వీపు నిండడానికి ఆరు నెలల నుంచి ఏడాది. కొవ్వు ముందు పడుతుంది, కండ తర్వాత వస్తుంది. రెండిటినీ పొరపడకండి. 1983లో అమెరికాలో డాన్ హెన్నెకె ఒంటి కొలత పట్టిక తయారుచేశాడు, 1 నుంచి 9 దాకా ఉంటుంది, మీ డాక్టర్‌కి తెలిసే ఉంటుంది. అది కొవ్వుని కొలుస్తుంది, కండని కాదు. 5 దగ్గరున్న గుర్రానికి కూడా వీపు గుంటపడి ఉండొచ్చు. వేళ్ళతో వెన్నుకి రెండు వైపులా నొక్కి చూడండి. మెత్తగా కదిలేది కొవ్వు, సాగుతూ గట్టిగా ఎదురు నిలిచేది కండ.

అమ్మాయి స్వారీ గురించి దిగులు పడుతున్నారేమో. మూడు నెలలు ఆగమనండి. ఈలోగా రోజూ నడిపించేదీ, క్యారెట్లు పెట్టేదీ, ఒళ్ళు తోమేదీ తనే అయితే ఎక్కే రోజుకి ఆ గుర్రానికి తను కొత్త మనిషి కాదు. మళ్ళీ ఎక్కే ముందు జీను మార్చాల్సి ఉంటుంది, కనీసం సరిచూడాలి. వీపు గుంటపడినప్పుడు సరిపోయిన జీను, కండ వచ్చాక మూపు దగ్గర నొక్కుతుంది. కింద బట్టలు దట్టంగా వేసి సర్దేస్తే ఆ నొక్కు ఇంకా పెరుగుతుంది. జీను కింద వెన్నెముక మీద, మొదటినుంచి చివరిదాకా గాలి ఆడే సందు ఉండాలి. తీశాక చెమట మరక రెండు వైపులా ఒకేలా ఉండాలి, మధ్యలో పొడి మచ్చలు ఉండకూడదు.

ఈ వారమే పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి ఫొటో తీసి పెట్టుకోండి, నాలుగు కాళ్ళూ సమంగా నిలిపి, చదును నేల మీద. రెండు వారాలకోసారి అదే చోట, అదే వేళకి తీయండి, రోజూ చూసే కంటికి తెలియని మార్పు అందులో తెలుస్తుంది. రక్త పరీక్ష ఫలితం వచ్చాక, కుడివైపు విషయం డాక్టర్ ఏమన్నారో చెప్తూ ఆ ఫొటోలతో పాటు మళ్ళీ రాయండి. అది చూసి లాంజింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్తాను.